ఇంజను సరే, పట్టాలు వేసినవాళ్ల పేర్లు ఏవి?

యుద్ధకాలంలో నడిచిన పొగబండి ఇంజన్లు ప్రపంచంలో అక్కడక్కడా ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిని కాపాడాలా, తుక్కు కింద అమ్మేయాలా అని ఎవరైనా అడిగితే కాపాడాలనే నేను చెప్తాను. అయితే కాపాడటం అంటే ఏమిటి? తుప్పు గోకి, నల్లరంగు పూసి, ఇత్తడి తోమి, చుట్టూ గొలుసు కట్టి, "తాకరాదు" అని బోర్డు తగిలించడమేనా? అంతటితో ఆగిపోతే సగం పనే చేసినట్టు. ఆ సగం పని ఒక్కోసారి అసలు ఏమీ చెయ్యకపోవడం కంటే చెడ్డది. ఎందుకో ఒక ఇంజను కథ చెప్తే తెలుస్తుంది.

జపాన్ రాజధాని టోక్యోలో యసుకుని అనే ఆలయం ఉంది. యుద్ధాల్లో చనిపోయిన జపాన్ సైనికులను అక్కడ దేవతలుగా కొలుస్తారు. దాని ఆవరణలోనే యుషుకాన్ అనే యుద్ధ మ్యూజియం ఉంది. అందులోకి వెళ్లగానే ముందు హాల్లో ఒక యుద్ధ విమానం, ఒక పొగబండి ఇంజను కనిపిస్తాయి. ఆ ఇంజను పేరు సి56, నంబరు 31. తయారైన సంవత్సరం 1936.

సి56 చిన్న ఇంజను. బరువు తక్కువ కాబట్టి పల్చని పట్టాల మీద కూడా నడుస్తుంది. వెనక్కి నడిపేటప్పుడు డ్రైవరుకి దారి కనబడాలని బొగ్గూ నీళ్లూ మోసే టెండరు పక్కలను కోసినట్టుగా తయారుచేశారు. జపాన్ పల్లెటూళ్ల లైన్ల కోసం చేసిన ఇంజను ఇది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఇలాంటివి 90 ఇంజన్లను సైన్యం తీసేసుకుంది. జపాన్ పట్టాల మధ్య దూరం 1067 మిల్లీమీటర్లు. ఆ చక్రాలను 1000 మిల్లీమీటర్లకి దగ్గర చేసి, ఓడలెక్కించి ఆగ్నేయ ఆసియాకి పంపారు. 1000 మిల్లీమీటర్లంటే మీటర్ గేజి. దక్షిణ భారతంలో మన తాతలు ఎక్కిన చిన్న గేజి బండి కొలత కూడా అదే.

ఆ ఇంజన్లు వెళ్లిన చోటు థాయిలాండ్, బర్మా. రెండు దేశాల మధ్య అడవి, కొండలు, మలేరియా. సముద్రం మీద శత్రువుల జలాంతర్గాములు తిరుగుతున్నాయి కాబట్టి బర్మాలో ఉన్న సైన్యానికి సరుకు పంపాలంటే భూమి మీద దారి కావాలి. 1942 మధ్యలో జపాన్ సైన్యం పని మొదలుపెట్టింది. 415 కిలోమీటర్ల లైను 1943 అక్టోబరులో పూర్తయింది. ప్రారంభోత్సవం నాడు నడిచిన ఇంజను మన సి56 31 నంబరుదే. యుద్ధం అయ్యాక అది థాయిలాండ్ రైల్వేలో చాలా ఏళ్లు పనిచేసింది. పాతబడ్డాక రైల్వే దళాల మాజీ సైనికులు చందాలు వేసుకుని 1979లో దాన్ని జపాన్‌కి తెచ్చుకున్నారు. తోమి, మెరుగుపెట్టి, యుషుకాన్‌లో నిలబెట్టారు.

ఇంతవరకు చదివితే ఇది ఒక ముచ్చటైన కథే. సొంత ఊరు వదిలిపోయిన ఇంజను నలభై ఏళ్ల తర్వాత ఇల్లు చేరింది. ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. కానీ ఈ కథలో ఒక పెద్ద బొక్క ఉంది. ఆ బొక్కలో దాదాపు లక్షమంది మనుషులు పడిపోయారు.

ఆ లైనుకి ఇంగ్లీషులో "డెత్ రైల్వే" అనే పేరు ఊరికే రాలేదు. తమిళులు దాన్నే "సియాం మరణ రైలు" అంటారు. దాన్ని కట్టడానికి అరవై వేలకు పైగా యుద్ధఖైదీలను తీసుకెళ్లారు. బ్రిటిష్‌వాళ్లు, ఆస్ట్రేలియావాళ్లు, డచ్చివాళ్లు, కొంతమంది అమెరికావాళ్లు. వారిలో పన్నెండు వేలకు పైగా చనిపోయారు. వీళ్ల గురించి పుస్తకాలున్నాయి, డైరీలున్నాయి. 1957లో వచ్చిన "ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వై" సినిమా ఉంది. ఆ సినిమా చూసినవాళ్లకి ఆ రైలు తెల్ల సైనికులే కట్టారనిపిస్తుంది. నిజం అది కాదు. ఖైదీల కంటే రెండింతలకు పైగా ఆసియా కూలీలు అక్కడ పనిచేశారు. బర్మావాళ్లు, జావావాళ్లు, మలయావాళ్లు, చైనావాళ్లు. ఒక్క మలయా నుంచే డెబ్బై వేలకు పైగా వెళ్లారు. వారిలో ఎక్కువమంది రబ్బరు తోటల్లో పనిచేసే మన దక్షిణాదివాళ్లు. తమిళులు ఎక్కువ. తెలుగువాళ్లు, మలయాళీలు కూడా ఉన్నారు.

తెలుగువాళ్లు మలయాలో ఎందుకున్నారని చిన్న తరగతుల పిల్లలు అడగవచ్చు. విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుంచి కరువు కాలంలో, అప్పుల కాలంలో కంగాణీల వెంట ఓడెక్కి పోయారు. రబ్బరు పాలు తీశారు, కొబ్బరి తోటల్లో పనిచేశారు. యుద్ధం రాగానే రబ్బరు కొనేవాడు లేకుండా పోయాడు. తోటలు మూతబడ్డాయి. బర్మా నుంచి బియ్యం రావడం ఆగింది. కడుపు మాడుతున్నవాళ్ల దగ్గరికి మనుషులొచ్చి, మూడు నెలల పని, రోజుకి ఒక డాలరు కూలి, తిండి, గుడ్డ, మందులు అని ఆశ చూపారు. కొందరు నమ్మి వెళ్లారు. నమ్మనివాళ్లను బలవంతంగా పట్టుకుపోయారు. ఊరికే సినిమా చూపిస్తామని పిలిచి, హాలు తలుపులు మూసి, అటునుంచి అటే బండెక్కించిన సంగతులు కూడా ఉన్నాయి. మూడు నెలలు అయిపోయాయి. ఎవరినీ వెనక్కి పంపలేదు.

1943 వానాకాలంలో కలరా వచ్చింది. ఇక్కడ ఒక విషయం బాగా గమనించాలి. ఖైదీల శిబిరాల్లో వాళ్ల అధికారులు ఉండేవారు, వాళ్ల డాక్టర్లు ఉండేవారు. ఆస్ట్రేలియా డాక్టరు డన్‌లప్ వంటివారు ప్రాణానికి తెగించి రహస్యంగా డైరీలు రాశారు. ఎవరు ఏ రోజు చనిపోయారు, ఎక్కడ పాతిపెట్టారు అన్న లెక్క వాళ్ల దగ్గర ఉండేది. నీళ్లు మరగబెట్టి తాగాలని చెప్పేవాళ్లున్నారు. మన కూలీలకి డాక్టరు లేడు, అధికారి లేడు, రాసిపెట్టేవాడు లేడు. కొన్ని చోట్ల భార్యాపిల్లలు కూడా వెంట ఉన్నారు. ఒకడు పడిపోతే పక్కవాడు మోశాడు, పక్కవాడు పడిపోతే మోసేవాడు లేడు. అందుకే ఈ రోజుకీ ఆసియా కూలీలు ఎంతమంది చనిపోయారో సరైన లెక్క లేదు. ఎనభై వేలని కొందరు, తొంభై వేలని కొందరు, లక్ష దాటిందని కొందరు అంటారు. ఇరవై వేలమంది ఉన్నారో లేరో అన్నంత తేడా! ఒక పెద్ద ఊరంత జనం లెక్కలో అటూ ఇటూ అవుతున్నారు.

థాయిలాండ్‌లోని కాంచనబురిలో యుద్ధఖైదీల శ్మశానం ఉంది. దాదాపు ఏడువేల సమాధులు. పచ్చగడ్డి, వరసగా రాళ్లు, చాలా రాళ్ల మీద పేరు, వయసు, దళం. చక్కగా చూసుకుంటున్నారు. చూసుకోవాలి కూడా, వాళ్లూ తల్లి బిడ్డలే. మన కూలీలకి మాత్రం పేర్లు చెక్కిన అలాంటి శ్మశానం ఒక్కటీ లేదు. అడవే శ్మశానం.

ఇప్పుడు మా ప్రాంతం సంగతి చెప్తాను. కృష్ణగిరి, ధర్మపురి వైపు పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద, చింతచెట్ల కింద వీరగల్లులు కనిపిస్తాయి. తమిళంలో నడుకల్ అంటారు. కొన్నిటికి వెయ్యేళ్లు దాటింది. ఊరి ఆవుల మందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి చనిపోయినవాడి బొమ్మ రాతి మీద చెక్కి, చాలా రాళ్ల మీద అతని పేరు, ఎందుకు చనిపోయాడో కూడా రాశారు. ఆ కాలంలో రైలు లేదు, అచ్చు యంత్రం లేదు, ఫొటో లేదు. అయినా పది ఆవుల కోసం చనిపోయిన మామూలు మనిషి పేరు మనకి తెలుసు. 1943లో కెమెరాలు, టెలిఫోన్లు, విమానాలు అన్నీ ఉన్నాయి. అయినా దాదాపు లక్షమంది పేర్లు లేవు. ఎవరు నాగరికులో మీరే చెప్పండి.

అందుకే నేను అడిగేది ఒక్కటే. మిగిలి ఉన్న ప్రతి సి56 ఇంజనూ ఒక వీరగల్లు కావాలి. ఇంజను పేరు, తయారీ సంవత్సరం, గుర్రపు శక్తి రాసే బోర్డు మీదే దాని పట్టాలు ఎవరు వేశారో, ఎంతమంది పోయారో రాయాలి. యుషుకాన్‌లోని ప్రదర్శన కూలీల చావుల గురించీ ఖైదీల బాధల గురించీ మాట్లాడదని అక్కడికి వెళ్లి చూసివచ్చినవాళ్లు ఎన్నో ఏళ్లుగా విమర్శిస్తున్నారు. ఇంజనును కాపాడారు, నిజాన్ని తుక్కు కింద తోసేశారు. నేను మొదట్లో చెప్పిన చెడ్డ సగం పని అంటే ఇదే.

ఇంకొక సి56 కథ కూడా ఉంది. నంబరు 44. అదీ థాయిలాండ్ వెళ్లి 1979లోనే జపాన్‌కి తిరిగొచ్చింది. ఓయిగావా అనే కొండ లైను మీద యాత్రికుల బండి లాగింది. ఈ మధ్య ఏళ్లలో దానికి ఎర్రరంగు వేసి, ముందు నవ్వుమొహం తగిలించి, థామస్ కార్టూన్‌లోని జేమ్స్ ఇంజనులాగా నడిపారు. పిల్లలు సంతోషించారు. పిల్లల సంతోషాన్ని నేను తప్పు పట్టను. పాత ఇంజను నడుస్తూ ఉండటమూ మంచిదే. కానీ ఆ నవ్వుమొహం వెనక ఏ చరిత్ర ఉందో ఆ పిల్లలు పెద్దయ్యాకైనా తెలుసుకునే దారి ఉండాలి కదా? రంగు వెయ్యండి, చరిత్ర మీద మాత్రం వెయ్యకండి.

నా మాటకి అడ్డు చెప్పేవాళ్లు మూడు రకాలుగా ఉంటారు. ముగ్గురికీ జవాబు చెప్తాను.

మొదటివాళ్లు, "పాత ఇనుముకి ఇంత రాద్ధాంతం ఎందుకు? కరిగిస్తే కమ్మీలవుతాయి" అంటారు. వీళ్లకి బ్రిటన్ కథ చెప్పాలి. యుద్ధం కోసం 1943 నుంచి 1945 వరకు అక్కడ "ఆస్టెరిటీ" అనే పొదుపు రకం సరుకుబండి ఇంజన్లు 935 తయారుచేశారు. అలంకారం ఏమీ లేకుండా, తొందరగా, తక్కువ ఖర్చుతో చేసినవి. యుద్ధం తర్వాత బ్రిటిష్ రైల్వే వాటిలో 733 తీసుకుంది. 1960లలో డీజిలు వచ్చాక ఒక్కటీ మిగల్చకుండా తుక్కుకి అమ్మేసింది. తర్వాత అయ్యో అనుకున్నారు. చివరికి, మళ్లీ యుద్ధం వస్తే పనికొస్తుందని స్వీడన్ దాచిపెట్టుకున్న ఒక ఇంజనును 1973లో సముద్రం దాటించి తెచ్చుకున్నారు. తమ చేతుల్లో 733 ఉన్నప్పుడు ఒక్కదాన్ని పక్కన పెట్టడానికి ఎంత ఖర్చయ్యేది? ఉన్నప్పుడు విలువ తెలియదు, పోయాక కొనడానికి దొరకదు.

రెండోవాళ్లు, "ఇది నెత్తుటి ఇంజను, దీన్ని దాచడమే పాపం, పగలగొట్టండి" అంటారు. వీళ్ల కోపం నాకు అర్థమవుతుంది. కానీ సాక్షిని చంపేస్తే నేరం పోతుందా? "అలాంటిదేమీ జరగలేదు" అనేవాడి పని ఇంకా తేలికవుతుంది. జర్మనీ వైపు చూడండి. బెర్లిన్‌లో గ్రూనెవాల్డ్ స్టేషన్‌లో 17వ నంబరు లైను ఉంది. హిట్లర్ కాలంలో యూదులను ఆ ప్లాట్‌ఫారం నుంచి బళ్లలో ఎక్కించి చావు శిబిరాలకి పంపారు. ఆ లైనును పెరికి పారెయ్యలేదు. 1998లో జర్మన్ రైల్వేయే అక్కడ స్మారకం కట్టింది. ప్లాట్‌ఫారం అంచున 186 ఇనుప పలకలు పరిచారు. ఒక్కో పలక మీద తేదీ, ఎంతమందిని పంపారు, ఎక్కడికి పంపారు అని రాసి ఉంటుంది. అంతే. ఉపన్యాసం లేదు, ఏడుపు లేదు. ఆ పాపంలో పాలుపంచుకున్న రైల్వే వారసులే తమ ఇనుముతో నిజం చెప్పించారు. జర్మనీలో చెయ్యగలిగింది టోక్యోలో ఎందుకు చెయ్యలేరు?

మూడోవాళ్లు మనవాళ్లే. "ఎక్కడి జపాన్, ఎక్కడి బర్మా, మనకెందుకు?" అంటారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ మాటే. మన వాళ్లు పోయిన చోటు మనకి పరాయిది ఎట్లా అవుతుంది? యుద్ధం మన గడప దాకా కూడా వచ్చింది. మన రాష్ట్రంలోనే మధురై నుంచి బోడినాయకనూరు వెళ్లే చిన్న గేజి పట్టాలను యుద్ధ అవసరాలకని ఊడదీసి, యుద్ధం అయ్యాక కొన్నేళ్లకి మళ్లీ వేశారు. హర్యానాలోని రేవాడి షెడ్డులో "విరాట్" అనే పెద్ద ఇంజను ఉంది. అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ 1943లో తయారుచేసింది, యుద్ధం కోసమే మన దేశానికి వచ్చింది. దాన్ని కాపాడినందుకు మన రైల్వేకి దండం పెట్టాలి. అయితే దాని పక్కనైనా, దాని పొయ్యిలోకి పారతో బొగ్గు ఎగదోసిన మన ఫైర్‌మన్‌ల గురించి, ఎండలో పట్టాలు సరిచేసిన గ్యాంగ్‌మన్‌ల గురించి నాలుగు మాటలు రాయాలి. ఇంకొకరిని అడిగే ముందు మనం చేసి చూపించాలి.

తమిళులు ఈ విషయంలో మనకంటే ముందున్నారు. మలేషియా తమిళులు ఈ చరిత్రను వెతికి, ముసలివాళ్ల మాటలు రికార్డు చేసి, కాంచనబురిలో నడుకల్ నిలబెట్టారు. మన వీరగల్లే, మన పక్క పొలంలోని రాయే, అంత దూరం వెళ్లి నిలబడింది! వాళ్ల పక్కనే పనిచేసి, ఒకే గంజి తాగి, ఒకే గుంటలో పడిన తెలుగువాళ్ల మాట మనం ఎత్తామా? "తమిళ కూలీలు" అని పుస్తకాల్లో రాస్తే వాళ్లలో మనవాళ్లు కలిసిపోయారు. ఇది తమిళుల తప్పు కాదు. రాసుకోని జాతిది తప్పు. వేరే రాష్ట్రాల్లో చిన్న సంఖ్యలో బతుకుతున్న తెలుగువాళ్లకి ఈ బాధ బాగా తెలియాలి. మన పేరు మనం రాసుకోకపోతే ఇంకొకరి జాబితాలో "ఇతరులు" అయిపోతాం.

మరి ఏం చెయ్యాలి? నాకు తోచినవి చెప్తాను.

మ్యూజియంలు నడిపేవాళ్లు చెయ్యాల్సింది: సి56 ఇంజను ఎక్కడున్నా, టోక్యోలో అయినా, థాయిలాండ్‌లో అయినా, బర్మాలో అయినా, పక్కన ఆ లైను పొడవు, కట్టిన కాలం, చనిపోయినవాళ్ల అంచనా సంఖ్య, వాళ్లు ఎక్కడెక్కడి నుంచి వచ్చారో రాయాలి. చనిపోయినవాళ్ల భాషల్లో రాయాలి. ఆ భాషల్లో తెలుగు కూడా ఉండాలి.

పెద్దవాళ్లు చెయ్యాల్సింది: మన ఇళ్లలో "మలయా వెళ్లాడు, మళ్లీ రాలేదు" అని ఒక్క ముక్కతో ముగిసిపోయే కథలు ఉంటాయి. "రంగం పోయినాడు" అనే కథలూ ఉంటాయి. ఆ ఒక్క ముక్కతో ఆపకండి. పేరేమిటి, ఏ ఊరు, ఎవరి కొడుకు, ఏ తోట, చివరి ఉత్తరం ఎప్పుడు వచ్చింది, చెప్పండి. పాత ట్రంకుపెట్టెలో ఉత్తరమో ఫొటోనో ఉంటే పారెయ్యకండి. చెదలకంటే ముందు మనం చూడాలి.

ఉపాధ్యాయులు చెయ్యాల్సింది: రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో హిట్లర్, చర్చిల్, హిరోషిమా చెప్పాక, ఒక్క పీరియడు ఈ రైలుకి ఇవ్వండి. పరీక్షకి రాకపోయినా ఫర్వాలేదు.

మనం, అంటే విద్యార్థులం చెయ్యాల్సింది: అడగటం, రాయటం. ఇద్దరు పేర్లు దొరికినా రెండు పేర్లే. వచ్చే సంచికలో ఈ పత్రికలోనే ఒక పేజీ వాటికి ఇవ్వమని సంపాదకులను కోరుతున్నాను. పేజీ నిండకపోతే ఖాళీగానే వదిలెయ్యండి. ఆ ఖాళీ కూడా ఒక లెక్కే.

ఇనుముకి నోరు లేదు. తుప్పు దులిపితే మెరుస్తుంది గానీ మాట్లాడదు. దాని తరఫున ఎవరు మాట్లాడితే వాళ్ల కథే అది చెప్తుంది. ఇన్నాళ్లూ సైన్యాలు మాట్లాడాయి, సినిమాలు మాట్లాడాయి. పట్టాలు మోసినవాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు కూడా మాట్లాడాలి. ఇంజన్లను కాపాడండి, ఒక్కదాన్ని కూడా తుక్కుకి పోనివ్వకండి. వాటితోపాటు ఆ పేర్లను కూడా కాపాడండి.